జేబులో ఫోను తీసేయండి, నడక మాత్రం ఆపకండి

కిందటి నెల ఈ శీర్షికలో కళ్ళు తిరిగి పడిపోవడం గురించి రాశాను. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకోవడం కూడా దానికో కారణమనీ, అలాంటప్పుడు పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చనీ చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇప్పటికే పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళవి, వాళ్ళ ఇంట్లోవాళ్ళవి. దాదాపు అన్నిటిలోనూ ఒకటే టెన్షన్: ఏం చేయకూడదు? ఏం చేయొచ్చు అని అడిగినవాళ్ళు చాలా తక్కువ. విశాఖలో పేస్‌మేకర్ క్లినిక్ చూసే డాక్టర్‌గా నాకు బాధ కలిగించేది ఇదే. పడిపోతున్న మనిషి లేచి తిరగాలని పెట్టిన మిషను అది. దాన్ని సాకుగా చూపించి ఆ మనిషినే మంచానికి పరిమితం చేస్తున్నాం. నిజంగా పాటించాల్సిన జాగ్రత్తలు ఉన్నాయి, కానీ అవి కొన్నే. అవేంటో, వాటి వెనక కారణమేంటో తెలిస్తే మిగతా భయం అంతా అక్కర్లేదు.

మా మావయ్యగారికి 74 ఏళ్ళు. బాత్రూమ్‌లో పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అని పేస్‌మేకర్ పెట్టారు. ఇంటికొచ్చి మూడు వారాలైంది. ఎడమ చెయ్యి కదిపితే వైరు ఊడిపోతుందని ఎవరో చెప్పారట, చేతికి గుడ్డ కట్టి మెడకి వేలాడదీసుకునే ఉంటున్నారు. కుట్ల దగ్గర పసుపు రాయాలని మా అత్తయ్య పట్టు. పథ్యం కూడా పెడుతున్నారు. అసలు బ్లాక్ ఉంటే స్టెంట్ వేయాలి కదా, పేస్‌మేకర్ ఎందుకు పెట్టారన్నది మావారి సందేహం.
– ఓ కోడలు, సీతమ్మధార

అమ్మా, ముందు ఆ గుడ్డ ఈ రోజే విప్పేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పేస్‌మేకర్ పెట్టేటప్పుడు ఎడమ కాలర్ ఎముక కింద చర్మం లోపల చిన్న చోటు చేసి, టైటానియం పెట్టెను అక్కడ అమరుస్తాం. దాని నుంచి లీడ్ అనే సన్నటి వైరు సిరలోంచి గుండె లోపలికి వెళ్తుంది. లీడ్ కొసన చిన్న స్క్రూ గానీ, కొక్కేల్లాంటివి గానీ ఉంటాయి. మొదట్లో అది వాటి పట్టుతోనే నిలబడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో దాని చుట్టూ కణజాలం పెరిగి గట్టిగా పట్టేస్తుంది. ఆ వారాల్లో చెయ్యిని భుజం కంటే పైకి ఎత్తొద్దనీ, బరువులు మొయ్యొద్దనీ చెప్పేది అందుకే. అంతేగానీ చెయ్యి అసలు కదపొద్దని ఎవరూ చెప్పరు. 74 ఏళ్ళ మనిషి మూడు వారాలు భుజం కదపకుండా ఉంటే కీలు బిగుసుకుపోతుంది. ఆ ఫ్రోజెన్ షోల్డర్ తెచ్చే నొప్పి పేస్‌మేకర్ గాయం కంటే ఎక్కువ కాలం వేధిస్తుంది. అలా బిగుసుకున్న భుజంతో వచ్చి, మిషను పెట్టడం వల్లే చెయ్యి పోయిందని ఏడ్చినవాళ్ళని చూశాను.

కాబట్టి మీ మావయ్యగారు ఎడమ చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోవచ్చు, కంచం పట్టుకోవచ్చు, పేపరు చదువుకోవచ్చు. మోచెయ్యి భుజం ఎత్తు దాటకుండా రోజూ కాసేపు ముందుకీ పక్కకీ ఆడించాలి. ఇంకో మూడు వారాలు మాత్రం దండెం మీద బట్టలు ఆరేయడం, అటక మీద సామాను తీయడం, ఆర్టీసీ బస్సులో పైన రాడ్ పట్టుకుని వేలాడడం, వాటర్ క్యాన్ ఎత్తడం, గ్యాస్ సిలిండర్ జరపడం వద్దు. నాలుగైదు కిలోలకి మించిన బరువు ఆ చేత్తో మొయ్యకూడదు. ఆ తర్వాత చెకప్‌లో లీడ్ బాగుందని చెప్పగానే ఇవన్నీ మళ్ళీ చేసుకోవచ్చు.

పసుపు విషయంలో మీ అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. వంటింట్లో చెయ్యి తెగితే పసుపు అద్దడం వేరు, ఇక్కడ వేరు. లోపల బయటి వస్తువు ఉంది. దాని మీదికి సూక్ష్మక్రిములు చేరితే మాత్రలతో పోవు, చాలాసార్లు మొత్తం మిషనూ వైర్లూ తీసేయాల్సి వస్తుంది. పసుపు, కొబ్బరినూనె, పౌడరు, ఆయింట్‌మెంట్, ఏదీ వద్దు. మన విశాఖ ఉక్కపోతలో చెమట పట్టి దురద పెడుతుంది, నిజమే. పల్చటి కాటన్ చొక్కా వేయించండి, ఫ్యాను కింద కూర్చోబెట్టండి, గోకనివ్వకండి. గాయం పూర్తిగా మానాక మామూలుగా స్నానం చేసి మెత్తటి తువ్వాలుతో అద్దుకుంటే చాలు.

ఎర్రబడినా, వాపు పెరిగినా, నీరు కారినా, జ్వరం వచ్చినా వెంటనే పేస్‌మేకర్ పెట్టిన డాక్టర్ దగ్గరికే వెళ్ళండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనొద్దు. అది పైపైన తగ్గినట్టు చూపించి లోపలి ఇన్‌ఫెక్షన్‌ని దాచేస్తుంది. వాపులోంచి నీరు తీస్తానని ఎవరైనా సూది పట్టుకుంటే ఒప్పుకోకండి. గాయం మానిన ఎన్నో నెలల తర్వాత కూడా అక్కడ చర్మం పల్చబడి మెరుస్తున్నా, పెట్టె అంచు బయటికి పొడుచుకొస్తున్నా అది అర్జెంటే.

ఇంకో మాట. కొంతమంది పెద్దవాళ్ళు కూర్చున్నచోట తెలియకుండానే ఆ పెట్టెని వేళ్ళతో తిప్పుతూ ఉంటారు. అలా తిప్పీ తిప్పీ లోపల వైరు మెలిపడి గుండె నుంచి ఊడి వచ్చిన కేసులు ఉన్నాయి. మావయ్యగారికి ఆ అలవాటు ఉందేమో కనిపెట్టి చూడండి.

మీవారి సందేహానికి వస్తాను. స్టెంట్ వేసేది గుండెకి రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే. మీ మావయ్యగారిది గుండెలో కరెంటు దారికి సంబంధించిన సమస్య. పై గదుల్లో పుట్టిన సంకేతం కింది గదులకి చేరడం లేదు. దాంతో కింది గదులు వాటంతట అవి నిమిషానికి ముప్ఫై, నలభై సార్లు మాత్రమే కొట్టుకుంటాయి, మెదడుకి రక్తం చాలక మనిషి పడిపోతాడు. పేస్‌మేకర్ ఆ సంకేతాన్ని అందిస్తుంది, అంతవరకే దాని పని. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్‌ని అది చూసుకోదు, గుండెపోటుని ఆపదు. మిషను పెట్టారు కదా అని పాత మాత్రలు మానేస్తే ప్రమాదం.

పథ్యం? పేస్‌మేకర్‌కి పథ్యం అంటూ ఏమీ లేదు. బీపీ ఉంటే ఉప్పు తగ్గించండి, షుగరు ఉంటే దానికి తగ్గట్టు పెట్టండి. మూడు వారాలుగా చారన్నంతో నీరసపడిన మనిషికి ఈ ఆదివారం చేపల పులుసు వండిపెట్టండి, గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి.

నా వయసు 41. షిప్‌యార్డులో కాంట్రాక్టర్ దగ్గర వెల్డర్‌ని. పేస్‌మేకర్ పెట్టి రెండు నెలలైంది. వెల్డింగ్ చేయకూడదని ఒకరంటారు, ఏం కాదని ఒకరంటారు. నిజం చెప్తే పని పోతుంది. ఇద్దరు పిల్లలు.
– గాజువాక నుంచి ఓ పాఠకుడు

తమ్ముడూ, మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. దీనికి ఔను, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే మీకు అన్యాయం చేసినట్టే.

ఆర్క్ వెల్డింగ్‌లో పెద్ద కరెంటు పారుతుంది, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అది బలంగా ఉంటే పేస్‌మేకర్ దాన్ని గుండె చప్పుడే అనుకుని, నా అవసరం లేదులే అని కాసేపు ఆగిపోవచ్చు. ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మీ గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే నడుస్తోందా, అప్పుడప్పుడు మాత్రమే సాయం తీసుకుంటోందా? పూర్తిగా ఆధారపడిన మనిషికి కొన్ని సెకన్లు ఆగినా కళ్ళు తిరుగుతాయి. ఎత్తులో, ఓడ అంచు మీద నిలబడి ఉంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఈ సంగతి మీ డాక్టర్‌ని అడిగితే రిపోర్టు చూసి చెప్తారు.

పేస్‌మేకర్ కంపెనీలు వెల్డింగ్‌కి ఒక హద్దు పెడతాయి. మోడల్‌ని బట్టి 130 నుంచి 160 ఆంపియర్ల లోపు అంటాయి. మీ మోడల్‌కి ఎంతో, పేస్‌మేకర్ పెట్టినప్పుడు మీకిచ్చిన కార్డు మీదున్న పేరు, నంబరు చూపించి కనుక్కోవాలి. ఓడ పని అంటే మందపాటి ప్లేట్లు, అక్కడ ఆంపియర్లు ఆ హద్దు సులువుగా దాటిపోతాయి. అలాంటి పని మీరు చేయకూడదు. గేటుకో గ్రిల్లుకో చేసే చిన్న వెల్డింగ్ అయితే, డాక్టర్ ఒప్పుకున్నాక, ఈ పద్ధతిలో చేయొచ్చు. ఆర్క్‌కీ ఛాతీకీ మధ్య కనీసం 60 సెంటీమీటర్ల దూరం ఉండాలి. కేబుల్ భుజం మీద వేసుకోవడం వెల్డర్లందరికీ అలవాటు. అది మానేయాలి, ముఖ్యంగా ఎడమ భుజం మీద. రెండు కేబుళ్ళూ పక్కపక్కనే నేల మీద పరిచి ఉంచాలి, చుట్టలు చుట్టి దగ్గర పెట్టుకోకూడదు. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి వీలైనంత దగ్గరగా తగిలించాలి. రాడ్‌ని టకటకా కొట్టకుండా ఒక్కోసారికీ మధ్య పది సెకన్లు ఆగాలి. చేతి తొడుగులూ బూట్లూ పొడిగా ఉండాలి. ఒంటరిగా పని చేయొద్దు. కళ్ళు తిరిగినట్టు అనిపించిన క్షణంలో హోల్డర్ కింద పెట్టేసి దూరంగా జరగండి, చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. బయటి నుంచి ఇలాంటి గందరగోళం వచ్చినప్పుడు చాలా పేస్‌మేకర్లు ఆ సంగతిని తేదీ, టైముతో సహా మెమరీలో రాసి పెట్టుకుంటాయి. కొన్నాళ్ళు పని చేశాక చెకప్‌కి వెళ్ళి, ఏ రోజు ఏ పని చేశారో చెప్తే, ఆ సమయంలో మిషనుకి ఇబ్బంది కలిగిందో లేదో చూడొచ్చు. ఊహించుకుని భయపడక్కర్లేదు, ఊహించుకుని ధైర్యం చెప్పుకోనూ అక్కర్లేదు.

దాచి పని చేయకండి. మీ పనితనం చేతుల్లోనే లేదు, కంట్లో కూడా ఉంది. ఫిట్టింగ్, మార్కింగ్, వెల్డ్ ఇన్‌స్పెక్షన్, కుర్రాళ్ళకి నేర్పడం, ఇవి మీరు చేయగల పనులు. ఏది చేయొచ్చో, ఏది చేయకూడదో స్పష్టంగా రాసివ్వమని మీ డాక్టర్‌ని అడగండి. ‘పనికి అనర్హుడు’ అని రాసివ్వడానికీ, ‘పెద్ద ఆంపియర్ల వెల్డింగ్ తప్ప అన్నీ చేయగలడు’ అని రాసివ్వడానికీ చాలా తేడా ఉంది. రెండోదే అడిగి తీసుకోండి.

ఫోను, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్, మిక్సీ, గుళ్ళో మెటల్ డిటెక్టర్... వీటిలో ఏది ప్రమాదం? ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్తున్నారు.
– ఎంవీపీ కాలనీ, మధురవాడ, పెందుర్తి నుంచి వచ్చిన ఉత్తరాలు

మన మగవాళ్ళు ఫోను పెట్టుకునేది చొక్కా ఎడమ జేబులో. సరిగ్గా పేస్‌మేకర్ ఉన్నది ఆ జేబు పైనే. ఫోనుకీ మిషనుకీ మధ్య 15 సెంటీమీటర్లు, అంటే జానెడు దూరం ఉండాలి. ఫోను ప్యాంటు జేబులోకి మార్చండి, కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. కొత్త ఫోన్లు కొన్నిటిలో వెనక వైపు అయస్కాంతాలు ఉంటున్నాయి. ఇయర్‌బడ్స్ డబ్బీ మూతలోనూ ఉంటాయి, దాన్నీ పై జేబులో వేసుకోకండి. అయస్కాంతం మరీ దగ్గరైతే పేస్‌మేకర్ గుండె చప్పుడు వినడం మానేసి ఒకే వేగంతో కొట్టడం మొదలుపెడుతుంది. దూరం జరిపితే మామూలైపోతుంది, మిషను పాడవదు.

ఇండక్షన్ స్టవ్‌కి రెండడుగుల దూరం కావాలి. దాని మీదికి వంగి గిన్నెలోకి చూడకండి. ఇంట్లో గ్యాస్ పొయ్యి కూడా ఉంటే వంట దాని మీద చేసుకోవడం మేలు. మైక్రోవేవ్, మిక్సీ, గ్రైండర్, ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ మంచి స్థితిలో ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. డ్రిల్లింగ్ మిషను ఛాతీకి ఆనించకుండా చెయ్యి చాచి పట్టుకోండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా కారు బానెట్ ఎత్తి లోపలికి వంగకండి. శరీరంలో కొవ్వు శాతం చెప్పే బరువు మిషన్లు పాదాల నుంచి చిన్న కరెంటు పంపుతాయి, అవి వద్దు. నొప్పులు తగ్గుతాయంటూ కల్యాణమండపాల్లో మీటింగులు పెట్టి అమ్మే అయస్కాంత పరుపులూ దిండ్లూ అసలు కొనకండి.

మెటల్ డిటెక్టర్ గేటులోంచి మామూలు నడకతో దాటిపోండి, అక్కడ ఆగకండి, దానికి ఆనుకుని నిలబడకండి. చేతి డిటెక్టర్‌ని ఛాతీ మీద ఉంచొద్దని చెప్పి కార్డు చూపించండి. ఎయిర్‌పోర్టులో సీఐఎస్‌ఎఫ్ వాళ్ళకి ఇది తెలిసిన విషయమే, చేత్తో తనిఖీ చేసి పంపుతారు.

ఎక్స్‌రే, సీటీ స్కాన్, అల్ట్రాసౌండ్, ఈసీజీ, పళ్ళ వైద్యం, ఏదైనా చేయించుకోవచ్చు, ముందుగా చెప్తే చాలు. ఎంఆర్‌ఐకి మాత్రం మీ మిషనూ, వైర్లూ రెండూ దానికి తగినవై ఉండాలి. స్కాన్‌కి ముందు సెట్టింగ్ మార్చి, తర్వాత మళ్ళీ యథాస్థితికి తేవాలి. నడుం నొప్పికి, మోకాలి నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్తే షార్ట్‌వేవ్ డయాథర్మీ (కరెంటు తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే చికిత్స) పెట్టించుకోవద్దు. ఏ ఆపరేషనైనా సరే, కంటిదైనా, ముందు పేస్‌మేకర్ ఉందని చెప్పాలి. ఆపరేషన్ థియేటర్‌లో వాడే కరెంటు కత్తి దాన్ని గందరగోళపెడుతుంది.

నాకు 62. సిక్ సైనస్ సిండ్రోమ్ అని ఏడు నెలల కిందట పేస్‌మేకర్ పెట్టారు. ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవాణ్ణి. ఈ ఆషాఢంలో వెళ్తానంటే పిల్లలు గొడవ. మరో సంగతి, చదును నేల మీద బాగానే నడుస్తాను గానీ మెట్లెక్కితే ఆయాసం.
– గోపాలపట్నం పాఠకుడు

పేస్‌మేకర్ ఉందన్న ఒక్క కారణంతో మిమ్మల్ని ఆపక్కర్లేదండీ. కానీ మీ ఆయాసం సంగతి తేలాకే ముందుకు వెళ్ళాలి.

మీ జబ్బులో గుండె సొంత వేగం అవసరానికి తగ్గట్టు పెరగదు. అందుకే ఇలాంటివాళ్ళకి కదలికని పసిగట్టి వేగం పెంచే సెన్సర్ ఉన్న పేస్‌మేకర్ పెడతారు. చాలా మిషన్లలో అది ఒంటి కుదుపుని బట్టి పని చేస్తుంది. చదును నేల మీద గబగబా నడిస్తే కుదుపు ఉంటుంది, వేగం పెరుగుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మనం నెమ్మదిగా, ఆచితూచి అడుగేస్తాం. కష్టం ఎక్కువ, కుదుపు తక్కువ. సెన్సర్‌కి అది చిన్న పనిలాగే కనిపిస్తుంది. దిగేటప్పుడు దడదడా అడుగులు పడతాయి కాబట్టి అప్పుడు వేగం ఎక్కువవుతుంది. గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చున్నా గుండె వేగం పెరిగినట్టు కొందరికి అనిపించేది ఇందుకే. దీన్ని సెట్టింగ్ మార్చి సరిచేయవచ్చు. క్లినిక్‌లోనే మిమ్మల్ని మెట్లెక్కించి, దిగాక మిషనులో రికార్డు చూసి సర్దుతాం. అయితే ఆయాసానికి సెట్టింగే కారణమని ఇంట్లో కూర్చుని తేల్చేయకండి. ఒక ఎకో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించి గుండె పంపింగ్ ఎలా ఉందో చూపించుకోండి, రక్తనాళాల్లో అడ్డంకి ఏమైనా ఉందో కూడా డాక్టర్‌ని అడిగి పరీక్ష చేయించుకోండి.

అవన్నీ బాగుంటే ఇప్పటి నుంచే తయారవ్వండి. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద రోజూ నడుస్తూ వారం వారం దూరం పెంచండి. ప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లు, అంత దూరం ఒక్కసారిగా నడవడం పేస్‌మేకర్ లేనివాళ్ళకీ కష్టమే. ఆ రోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాక తొందర పడొద్దు. నీళ్ళు తాగుతూ ఉండాలి, బీపీ మాత్ర మానకూడదు, మెడలో గానీ జేబులో గానీ పేస్‌మేకర్ కార్డు ఉండాలి. అప్పూఘర్ దగ్గర సముద్రస్నానం చేసుకోవచ్చు, ఏడు నెలల గాయానికి ఉప్పునీటితో ఇబ్బంది లేదు. అబ్బాయినో అమ్మాయినో వెంట రమ్మనండి. గొడవపడేకంటే కలిసి నడిస్తే వాళ్ళకీ తెలుస్తుంది మీరెంత బాగున్నారో. ఇసుకతోట దాటాక కాళ్ళు ఇక వద్దంటే అక్కడితో ఆపి ఆటో ఎక్కండి. మిగతాది వచ్చే ఏడు చూసుకోవచ్చు.

మా ఇంట్లో కరెంటు పోతే పేస్‌మేకర్ ఛార్జింగ్ ఎలా? హుద్‌హుద్ లాంటి తుఫాను మళ్ళీ వస్తే? బ్యాటరీ ఒక్కసారిగా అయిపోతే?
– పూర్ణా మార్కెట్ దగ్గర నుంచి ఓ గృహిణి

దానికి ఛార్జింగ్ ఉండదమ్మా. లోపల సీలు చేసిన లిథియం బ్యాటరీ ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పేస్‌మేకర్లకి ఆ సంగతే తెలియదు. పేస్‌మేకర్ వివరాలు ఆసుపత్రికి పంపే మానిటర్‌ని మంచం పక్కన పెట్టుకోమని ఎవరికైనా ఇచ్చి ఉంటే అది మాత్రం ఆగుతుంది, కరెంటు రాగానే మళ్ళీ పంపుతుంది.

బ్యాటరీ మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు వస్తుంది. గుండె దాన్ని ఎంత ఎక్కువ వాడుకుంటే అంత తొందరగా తగ్గుతుంది. అది ఒక్కసారిగా ఆరిపోదు. మార్చాల్సిన టైము దగ్గరపడిందని ముందే చూపిస్తుంది, ఆ తర్వాత కూడా సుమారు మూడు నెలల వ్యవధి ఉంటుంది. బ్యాటరీ ఒక్కటే మార్చడం ఉండదు, పెట్టె మొత్తం కొత్తది పెడతారు. లీడ్లు బాగుంటే పాతవే వాడతారు కాబట్టి మొదటిసారి కంటే తేలిక. ప్రపంచంలో మొట్టమొదట ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్నది స్వీడన్‌కి చెందిన ఆర్నే లార్సన్. 1958 అక్టోబరులో పెట్టిన ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన జీవితంలో మొత్తం 26 పేస్‌మేకర్లు మారాయి, 86 ఏళ్ళు బతికారు. 2001లో పోయారు, అదీ గుండె జబ్బుతో కాదు, క్యాన్సర్‌తో.

కానీ బ్యాటరీ తగ్గిందని మిషను మీకు ఫోను చేసి చెప్పదు, చెకప్‌లోనే తెలుస్తుంది. నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. మొదటి మూడు నెలల్లో ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, బ్యాటరీ చివరికొచ్చినప్పుడు ఇంకా తరచుగా రావాలి. ‘బాగానే ఉన్నాను కదా డాక్టరమ్మా’ అని ఏళ్ళ తరబడి రాకుండా, మళ్ళీ పడిపోయాక స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ చెకప్ నొప్పి లేనిది. ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి, కంప్యూటర్‌లో బ్యాటరీ, లీడ్లు, గుండె స్పందన చూస్తాం. మధ్యలో వేగం పెంచి తగ్గిస్తాం, అప్పుడు కాస్త దడగా అనిపిస్తే కంగారు పడకండి.

ఇంట్లో మీరు చేయగలిగింది నాడి చూడడం. మణికట్టు దగ్గర ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. డాక్టర్ పెట్టిన కనీస వేగం 60 అనుకుందాం. అంతకంటే తగ్గుతూ ఉంటే చెప్పండి. బీపీ మిషనులో ఒకసారి తక్కువ చూపించినంత మాత్రాన హడలిపోకండి. మధ్యమధ్యలో ముందుగా పడే చప్పుళ్ళు మణికట్టు దాకా అందవు, మిషను వాటిని లెక్కపెట్టదు. కళ్ళు తిరగడం, ఆయాసం, కాళ్ళ వాపు, ఆ వైపు చెయ్యి వాయడం, ఆగకుండా ఎక్కిళ్ళు రావడం, వీటిలో ఏది కనిపించినా మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు.

నేను రిటైర్డ్ టీచర్‌ని, 81 ఏళ్ళు. పోయే సమయం వచ్చాక కూడా ఈ మిషను ప్రాణాన్ని పోనివ్వదని పక్కింటావిడ చెప్పింది. రాత్రిళ్ళు అదే ఆలోచన. పిల్లలని అడగలేను.
– భీమిలి

అమ్మా, అలా జరగదు. ఈ మాట మీరు పూర్తిగా నమ్మొచ్చు.

పేస్‌మేకర్ చేసేది గుండె కండరాన్ని చిన్నగా తట్టడం. ఆ తట్టుకి స్పందించాల్సింది బతికున్న కండరం. పెద్ద జబ్బుతోనో, వయసుతోనో ఒళ్ళు అలసిపోయినప్పుడు కండరం ఇక స్పందించదు. మిషను సంకేతం పంపినా గుండె ముడుచుకోదు. అది ఎవరి చివరి ఘడియలనీ సాగదీయదు, షాక్ ఇవ్వదు, నొప్పి పెట్టదు. షాక్ ఇచ్చే మిషను వేరే ఉంది, ఐసీడీ అంటారు. అదున్నవాళ్ళు చివరి రోజుల్లో షాక్ రాకుండా ఆపించుకోవచ్చు. మీకున్నది మామూలు పేస్‌మేకరేనని మీ కార్డు జిరాక్స్ చూసి నిర్ధారించుకున్నాను.

మీరు అడగకపోయినా మీ పిల్లలకి తెలియాల్సిన సంగతి ఒకటి ఉంది, అందరి ఇళ్ళలోనూ తెలియాలి. దహనానికి ముందు పేస్‌మేకర్ తప్పనిసరిగా తీయించాలి. సీలు చేసిన బ్యాటరీ ఆ వేడికి పేలుతుంది. విద్యుత్ దహనవాటికైనా, కట్టెల చితైనా అంతే. పోయింది ఆసుపత్రిలో అయితే అక్కడ చెప్తే చాలు, చిన్న గాటుతో తీసి కుట్టేస్తారు. ఇంట్లో అయితే డాక్టర్‌కి చెప్పాలి. పూడ్చిపెట్టే ఆచారం ఉన్నవాళ్ళకి ఈ అవసరం లేదు. దుఃఖంలో ఎవరికీ గుర్తుండదు కాబట్టి పిల్లల్లో ఒకరికి ఇప్పుడే చెప్పి ఉంచండి. చెప్పడానికి నోరు రాకపోతే ఈ పేజీ వాళ్ళ చేతికివ్వండి.

అప్పటిదాకా మీకు నచ్చింది తినండి, పిల్లలకి పాఠాలు చెప్పండి, సాయంత్రం బీచ్‌కి వెళ్ళి కూర్చోండి. వీలైతే ఒకసారి క్లినిక్‌కి రండి, మిషను ఎలా పని చేస్తుందో స్క్రీన్ మీద మీకే చూపిస్తాను.

బండి ఎప్పటి నుంచి నడపొచ్చు?
– కంచరపాలెం

కారయితే కనీసం వారం ఆగి, డాక్టర్ చూశాక. బైక్, స్కూటర్ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి, హ్యాండిల్ లాగడం భుజం మీద భారం. ఆటో, లారీ నడిపి బతికేవాళ్ళు డాక్టర్ రాసిచ్చాకే మొదలుపెట్టాలి. సీటు బెల్టు గాయానికి ఒరుసుకుంటుంటే మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టుకోండి, బెల్టు మాత్రం తీయొద్దు.

నాకు 26. పుట్టుకతోనే హార్ట్ బ్లాక్ ఉంది, పద్నాలుగో ఏట పేస్‌మేకర్ పెట్టారు. గుండె మిగతాది అంతా నార్మల్. ఉద్యోగం చేస్తున్నాను. సంబంధాలు చూస్తున్నారు. ఈ విషయం చెప్పొద్దని అమ్మ అంటోంది. నేను పిల్లల్ని కనొచ్చా?
– అక్కయ్యపాలెం

కనొచ్చమ్మా. గుండె పంపింగ్ బాగున్నవాళ్ళు పేస్‌మేకర్‌తో గర్భం దాల్చి, మామూలు కాన్పులోనే పిల్లల్ని కంటున్నారు. పేస్‌మేకర్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అవసరం లేదు. చేయాల్సి వచ్చినా కరెంటు కత్తి వాడకంలో జాగ్రత్త తీసుకుంటే సరిపోతుంది. ప్లాన్ చేసుకునే ముందు ఒక ఎకో, ఒక పేస్‌మేకర్ చెకప్ చేయించుకో. బ్యాటరీ చివరికొచ్చి ఉంటే గర్భానికి ముందే మార్చుకోవడం సుఖం. నీకు పెట్టి పన్నెండేళ్ళయింది కాబట్టి ఇది వెంటనే చూపించుకోవాల్సిన విషయం.

మీ అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. ఆడపిల్ల గుండెకి మిషను అంటే సంబంధాలు వెనక్కి పోతాయని ఆవిడ దిగులు. అయినా చెప్పాలనే అంటాను. నీ భుజం కింద మచ్చ ఉంది, ఏటా చెకప్ ఉంది, కొన్నేళ్ళకోసారి మార్పిడి ఉంది. ఇవన్నీ భర్తకి తెలియకుండా మోయడం నీకు పెద్ద శిక్ష. రాత్రి వేళ ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రిలో నీ తరఫున మాట్లాడాల్సింది అతనే. మాట ముందుకు సాగుతుందనిపించినప్పుడు, నిశ్చితార్థానికి ముందే, అబ్బాయితో నువ్వే చెప్పు. సందేహాలుంటే ఇద్దరూ కలిసి మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అలా వచ్చిన జంటలతో నేను మాట్లాడాను, అరగంటలో సగం భయాలు తీరిపోతాయి. తర్వాత గర్భం వచ్చినప్పుడు పురుడు పోసే డాక్టరమ్మకి మొదటి విజిట్‌లోనే సంగతి చెప్పి, పేస్‌మేకర్ కార్డు జిరాక్స్ నీ ఫైలులో అన్నిటికంటే పైన పెట్టించు.